స్క్రాప్ చెక్కలో పడుకున్న ఎద్దు: ముందు కాగితం, తర్వాత ఉలి

శ్లాబు షట్టరింగ్ విప్పిన సాయంత్రం సైటు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మేకులు తేలిన ఫోర్ బై టూ ముక్కలు, అంచులు పగిలిన ప్లైవుడ్, నూనె తాగి నల్లబడ్డ పలకలు ఓ మూల కుప్పగా పడతాయి. రెండు రోజుల్లో స్కిప్ వస్తుంది, అన్నీ ఎత్తుకుపోతుంది. ఆ కుప్పను చూస్తే మీలో ఒకరికి చెప్పుల స్టాండు కనిపిస్తుంది, ఇంకొకరికి మంచం పక్కన పెట్టుకునే చిన్న బల్ల కనిపిస్తుంది. నాకు ఎద్దు కనిపించింది.

నేను యూఏఈలో 14 ఏళ్ళుగా షట్టరింగ్ కార్పెంటర్‌ని. మాది నిర్మల్ దగ్గర పల్లెటూరు. మా నాయిన వడ్ల పని చేసేవాడు, నాగళ్ళు, ఎడ్లబండ్లు, దర్వాజలు. నేను చెక్కిన ఎద్దు ఐదున్నర అడుగుల పొడవు, మూపురం దగ్గర మూడడుగుల ఎత్తు. మొత్తం సైటులో పారేసిన చెక్కే. ఇప్పుడది ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పడుకుని ఉంది. ఎట్లా చెక్కావో మన పత్రికలో రాయమని అడిగారు. రాస్తాను. కానీ ఉలి కంటే ముందు ఒక కాగితం సంగతి చెప్పాలి. ఆ కాగితం లేకపోతే ఆ ఎద్దు లేదు, బహుశా నేను కూడా ఈపాటికి ఊళ్ళోనే ఉండేవాణ్ణి.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. నా రూమ్మేటు, మనవాడే, రూములో సామాన్లు పెట్టుకోవడానికి ఒక అరమర చేద్దామనుకున్నాడు. ఫోర్‌మన్‌ని అడిగాడు. ఆయన స్క్రాప్ కుప్ప వైపు చెయ్యి ఊపి "లే జావ్ భాయ్" అన్నాడు. మేమందరం విన్నాం. వీడు నాలుగు పలకలు, కొంచెం ప్లై కట్ట కట్టుకుని బస్సెక్కబోతుంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. కాగితమేదీ అన్నాడు. ఫోర్‌మన్‌కి ఫోన్ చేస్తే, "నాకు తెలియదు" అన్నాడు. ఆయనకూ తన ఉద్యోగం భయమే కదా, పైన మేనేజర్ ఉన్నాడు. మరునాడు ఆఫీసుకు పిలిచి అరబీలో, ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించారు. అందులో ఏముందో వీడికి తెలియదు, "క్షమాపణ కాగితం అట" అని మాకు చెప్పాడు. అది నేరం ఒప్పుకున్న కాగితం. పది రోజుల్లో టికెట్ చేతిలో పెట్టారు. ఆరేళ్ళ గ్రాట్యుటీ పోయింది. స్కిప్‌లోకి పోవాల్సిన నాలుగు పలకలకు ఆరేళ్ళు!

అప్పటి చట్టం వేరు. ఇప్పుడు నడుస్తున్నది 2021లో వచ్చిన 33వ నంబరు ఫెడరల్ చట్టం, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దొంగతనం పేరుతో తీసేస్తే గ్రాట్యుటీ మొత్తం పోతుందన్న పాత నిబంధన ఇందులో లేదు. క్రమశిక్షణ పేరుతో జీతం కోసినా నెలలో ఐదు రోజుల జీతానికి మించకూడదు. ఏ చర్య తీసుకున్నా ముందు మీకు రాతపూర్వకంగా చెప్పాలి, మీ మాట వినాలి, విచారణ జరపాలి. ఇవన్నీ మన వైపున్న మాటలే. అయినా విచారణలో మీరు చూపించడానికి చేతిలో ఏమీ లేకపోతే, "ఫోర్‌మన్ చెయ్యి ఊపాడు సార్" అన్న మాట ఎవరూ రాసుకోరు.

అందుకే ఎద్దు ఆలోచన వచ్చినప్పుడు నేను చెక్క ముట్టుకోలేదు. మూడు వారాలు కాగితం కోసం తిరిగాను. ప్రాజెక్టు ఇంజినీరు మంచివాడు, కేరళ ఆయన. "తీసుకో, ఎవరడుగుతారు" అన్నాడు. సార్, అడుగుతారు, అని రూమ్మేటు కథ చెప్పాను. అప్పుడు స్టోర్‌కీపర్‌ని పిలిపించి ఒక పేజీ టైప్ చేయించాడు. అందులో ఏముందో చెబుతాను, మీకు పనికొస్తుంది. సైటు పేరు, తేదీ. నా పేరు, కంపెనీ ఐడీ నంబరు. ఏయే చెక్క, సుమారు ఎన్ని ముక్కలు, ఎంత పొడవు. అది వాడి పారేసిన స్క్రాప్ అని, సొంత వాడకానికి ఉచితంగా ఇస్తున్నామని, దాని మీద కంపెనీకి తర్వాత ఏ హక్కూ ఉండదని. ఈ చివరి మాట ఇంజినీరు మొదట రాయలేదు. నేనే అడిగి రాయించుకున్నాను, అదే తర్వాత నన్ను కాపాడింది. కింద ఇంజినీరు సంతకం, స్టోర్ స్టాంపు. బయటికి తీసుకెళ్ళిన ప్రతిసారీ గేటు పాస్ వేరే. మీది ఫ్రీ జోన్ సైటు అయితే గేటు దగ్గర పద్ధతి ఇంకా గట్టిగా ఉంటుంది, ముందే కనుక్కోండి. ఆ పేజీని ఫోటో తీసి నాకు నేనే వాట్సాప్‌లో పంపుకున్నాను, ఊళ్ళో తమ్ముడికి కూడా పంపాను. ఫోన్ పోయినా కాగితం పోదు.

ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, చెల్లెళ్ళు కూడా ఇది చదువుతారని తెలుసు. చెక్క ఎద్దుతో మాకేం పని అనుకోవద్దు. పాత కుర్చీయో, పిల్లల మంచమో, వంటపాత్రలో మేడం "తీసుకో" అని ఇస్తుంది. మీరు సంబరంగా కార్గోలో ఇంటికి పంపుదామని మూట కడతారు. ఆరు నెలల తర్వాత ఏదో మాట పట్టింపు వస్తుంది, అప్పుడు అదే వస్తువు దొంగతనం లెక్కలోకి వస్తుంది. మేడం ఇచ్చిన రోజే వస్తువు ఫోటో తీసి, "మేడం, ఈ కుర్చీ నాకు ఇచ్చినందుకు థ్యాంక్స్" అని ఆమెకే ఒక మెసేజ్ పెట్టండి. ఆమె "వెల్‌కమ్" అన్నా, ఒక బొమ్మ పెట్టినా అదే మీ కాగితం. ఆ మెసేజ్ చెరపకండి.

సరే, ఇక చెక్క.

సైటులో దొరికే చెక్కంతా ఒకటి కాదు. మనం వైట్ వుడ్ అని పిలిచే ఫోర్ బై టూ, ఫోర్ బై ఫోర్, దేవదారు జాతి మెత్తటి చెక్క. చెక్కడానికి తేలికే కానీ ముడులు ఎక్కువ, ముడి దగ్గర ఉలి జారుతుంది, నార వెంట చీలుతుంది. ప్లైవుడ్ చెక్కడానికి పనికిరాదు, పొరలు పొరలుగా లేస్తుంది. పసుప్పచ్చ రంగు వేసిన హెచ్ 20 బీములుంటాయే, శ్లాబు కింద వేసేవి, చూస్తే నిగనిగలాడుతూ ఆశ పుట్టిస్తాయి. వాటిని ముట్టుకోకండి. చాలా సైట్లలో అవి అద్దె సామాను. విరిగిన ముక్కకు కూడా లెక్క ఉంటుంది, తిరిగి ఇవ్వాలి. ఒకటి కోస్తే ఆ డబ్బు ఎవరి జీతంలో కోస్తారో మీకు తెలుసు.

ప్యాలెట్ చెక్క అయితే పక్కన కాల్చి వేసిన ముద్ర చూడండి. గోధుమ కంకి గుర్తు, దేశం అక్షరాలు, వాటి పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. హెచ్ టీ అని ఉంటే ఆ చెక్కను పురుగు చావడానికి వేడి చేశారని అర్థం, లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పెడతారు. అది తీసుకోవచ్చు. ఎం బీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషపు గ్యాసు పట్టించారని. అది వదిలేయండి. ముద్రే లేకపోతే కూడా వదిలేయండి, దాని మీద ఏం కారిందో ఎవరికి తెలుసు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత చెక్క, బయట కంచెలకు, మట్టిలో పాతడానికి వాడేది, దానిలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఉండొచ్చు. కోస్తే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చలికాలం ఎడారిలో చాయ్ కోసం మంట పెట్టేటప్పుడు కూడా దాన్ని వెయ్యొద్దు, ఆ పొగ, ఆ బూడిద రెండూ విషమే.

ఎద్దు ఒంటికి నేను వైట్ వుడ్ వాడాను. తలకు, కొమ్ములకు మాత్రం గట్టి చెక్క కావాలి. కంపెనీ ఒక పాత విల్లా కూలగొట్టే పని చేస్తుంటే అక్కడ టేకు దర్వాజ చౌకట్లు దొరికాయి. కాగితంలో వాటి పేరూ రాయించాను. చౌకట్ ముక్కను చిత్రిక పడితే లోపల తేనె రంగు, ఆ వాసన. ఎన్నాళ్ళ తర్వాతో ఆ వాసన! గల్ఫు వాళ్ళు తమ చెక్క పడవలకు మలబారు టేకు తెప్పించుకునేవాళ్ళు, దుబాయ్ క్రీక్‌లో మీరు చూసే పడవల తాతలన్నీ ఆ చెక్కవే. మనకంటే ముందు మన దేశపు చెట్లు వచ్చాయి ఇక్కడికి, వీసా లేకుండా.

పడుకున్న ఎద్దే ఎందుకు అని చాలామంది అడిగారు. పెద్ద కళ ఏమీ లేదు, చెక్క అట్లా చెప్పింది. నిలబడ్డ ఎద్దుకు కాళ్ళు సన్నం, బరువంతా వాటి మీదే. ముక్కలు అతికించిన వైట్ వుడ్‌తో ఆ కాళ్ళు నిలవవు. పడుకున్న ఎద్దయితే పొట్ట నేలకానుతుంది, కాళ్ళు మడిచి ఒంటి కిందికి పోతాయి, చిన్న ముక్కలు కూడా సరిపోతాయి. పైగా పగలంతా పనిచేసి వచ్చి నెమరు వేస్తున్న ఎద్దు నాకు తెలిసినంత బాగా నిలబడ్డ ఎద్దు తెలియదు. మా ఇంటి ముందు రెండుండేవి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది చెక్కడం కాదు, మేకులు పీకడం. జంబూరా, కడ్డీ పట్టుకుని నాలుగు ఆదివారాలు అదే పని. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు కనపడదు. స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి ప్రతి ముక్క మీదా జరిపాను, ఆగిన చోట సుద్దతో గీత పెట్టాను. అయినా ఒకటి మిగిలింది, మా నాయిన ఇచ్చిన ఉలి మూతి విరిగింది. సానరాయి మీద రెండు గంటలు పట్టింది దాన్ని మళ్ళీ మనిషిని చేయడానికి. సిమెంటు పట్టిన పలకను గ్రైండరుతో పొడిగా గీకొద్దు, ఆ దుమ్ములో ఇసుక పొడి కూడా ఉంటుంది. నీళ్ళు చల్లి తీగ బ్రష్‌తో రుద్దండి. కడిగిన చెక్కను రెండు మూడు వారాలు నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేట్టు పేర్చండి. ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి ఉండిపోతుంది, తర్వాత నెర్రెలు విచ్చుతుంది.

తర్వాత బొమ్మ. సబ్బు బిళ్ళతో చిన్న ఎద్దు చేశాను, అటూ ఇటూ తిప్పి చూసి, యార్డు గోడ మీద బొగ్గుతో గడులు గీసి నిజం కొలతలో గీశాను. ఆ గీత చూసుకుంటూ పలకలు పేర్చి అతికించాను. నార అంతా ఒకే వైపు, తల నుంచి తోక వైపు. ఇటుకల గోడ కట్టినట్టే, కింద వరసలో అతుకు ఉన్న చోట పై వరసలో అతుకు రాకూడదు. లోపల బోలుగా వదిలాను, మీకు పెద్ద మొద్దు నిండుగా కావాలనిపిస్తుంది కానీ నిండు మొద్దు తప్పకుండా పగులుతుంది, ఎత్తడానికి నడుములూ పోతాయి. తెల్ల గ్లూ పూసి బిగించడానికి క్లాంపులు చాల్లేదు. మన పాత పద్ధతే, మోకు చుట్టి మధ్యలో కర్ర దూర్చి తిప్పి తిప్పి బిగించడం. రాత్రంతా అట్లా ఉంచితే పొద్దున రాయిలా ఉంది.

మేకు రంధ్రాలు పూడ్చడానికి మందు చెప్పింది కొండపల్లి వైపు నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రి. వాళ్ళ దగ్గర బొమ్మల చేతులూ కాళ్ళూ అతికించడానికి మక్కు వాడతారు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. మా దగ్గర నిర్మల్ బొమ్మలు, వాళ్ళ దగ్గర కొండపల్లి బొమ్మలు, రెండూ పొనికి చెక్కవే, ఎవరివి గొప్ప అని మా ఇద్దరికీ నెలకోసారి గొడవ. క్యాంపు వంటగదిలో పులుసు పిండగా మిగిలిన చింతగింజలు రెండు నెలలు దాచాం. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మిక్సీలో వేశాం. వంటమనిషి వారం రోజులు మాట్లాడలేదు మాతో.

చెక్కేటప్పుడు తొందరపడి ఉలితో మొదలుపెట్టకండి. పోవాల్సిన చెక్కను ముందు రంపంతో లోతు గుర్తు దాకా వరసగా కోసి, ఆ పళ్ళను సుత్తితో ఎగరగొట్టాలి. షట్టరింగ్‌లో గాడి తీయడం వచ్చినవాళ్ళకు ఇది కొత్త కాదు. తర్వాత బాడిశ. బాడిశ చెకిన్ బ్యాగులో తెచ్చుకున్నాను, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే పోయేది. డొక్క, వీపు అంతా బాడిశ పనే. మూపురం నుంచి మెడలోకి దిగే చోట, గంగడోలు మడతల దగ్గర గుండ్రటి నోరున్న ఉలి. ఎత్తు నుంచి పల్లానికి చెక్కితే నార లేవదు, పల్లం నుంచి ఎత్తుకు చెక్కితే ముక్క ఊడొస్తుంది. నాకు గంగడోలు దగ్గర అరచేయంత ముక్క ఊడొచ్చింది. మళ్ళీ అతికించాను. దగ్గరగా చూస్తే ఇప్పటికీ గీత కనపడుతుంది. కొమ్ములు వేరేగా చెక్కి, మొదట్లో కుసి తీసి, తలలో రంధ్రం చేసి దించాను. అన్నిటికంటే కష్టం కళ్ళు. మూడుసార్లు చెక్కి మూడుసార్లు తీసేశాను. ఊరికే గుండ్రంగా తెరిచిన కన్ను పెడితే భయపడ్డ ఎద్దులా ఉంది. పై రెప్ప కొంచెం దించాక అలసిపోయిన ఎద్దు అయింది.

ఇక్కడ మూడు సంగతులు గట్టిగా చెప్పాలి.

గ్రైండరుకు చైన్‌సా పళ్ళున్న డిస్కు పెట్టి చెక్క కొడితే పని తొందరగా అవుతుందని వీడియోల్లో చూపిస్తారు. మార్కెట్లో చౌకగా దొరుకుతుంది కూడా. దాన్ని పెట్టడానికి గార్డు తీసేస్తారు. ముడికి తగిలితే గ్రైండరు వెనక్కి ఎగిరి మెడకో తొడకో తగులుతుంది, పట్టుకుని ఆపే బలం ఎవరికీ లేదు. అది సొంత పనిలో జరిగితే పనిలో దెబ్బ కింద లెక్క రాదు, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి. నేను వాడలేదు, ఎక్కువ ఆదివారాలు పట్టాయి, పట్టనీ.

చెక్క పొడి చూడటానికి పిండిలా అమాయకంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో పెట్టింది, ముక్కు లోపల వచ్చే క్యాన్సర్. మొహానికి రుమాలు కట్టుకుంటే ఆగదు. ఎన్95 మాస్కు కావాలి, గట్టిగా ముక్కు మీద నొక్కి పెట్టుకోవాలి. సైటులో రోజూ చెక్క కోసే పని చేస్తుంటే ఆ మాస్కు ఇవ్వాల్సింది కంపెనీయే, మీ జేబులోంచి కాదు.

మూడోది అవిసె నూనె. ఎద్దుకు చివర్లో అదే రుద్దాను, రంగు లోతుగా వస్తుంది. ఆ నూనె పట్టిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. ఎనిమిది మంచాలున్న రూములో అది జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. నూనె గుడ్డలు నీళ్ళున్న డబ్బాలో వేసి మూత పెట్టాలి, లేదా బయట విడివిడిగా పరిచి ఆరేయాలి. చెక్క కుప్ప కూడా రూములో పెట్టొద్దు. క్యాంపు బాస్‌ని అడిగి వెనక యార్డులో రేకుల షెడ్డు కింద ఒక మూల తీసుకున్నాను.

ఇక టైము సంగతి. మొత్తం సుమారు 40 ఆదివారాలు, రోజుకు ఐదు గంటలు వేసుకోండి, 200 గంటలు. మా కంపెనీలో వారం సెలవు ఆదివారం. వారానికి కనీసం ఒక రోజు సెలవు చట్టం ఇచ్చింది, అది కంపెనీ దయ కాదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు కూడా, 2022లో వచ్చిన 9వ నంబరు చట్టం ప్రకారం, వారానికి ఒక రోజు జీతంతో సెలవు, రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకధాటిగా ఉండాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని నిషేధం అని మీకందరికీ తెలుసు. సొంత పనికి ఆ నిబంధన వర్తించదు కానీ ఎండకు ఆ తేడా తెలియదు కదా. ఆ మూడు నెలలు సాయంత్రం ఐదు దాటాకే ఉలి పట్టాను.

సెప్టెంబర్‌లో ఎద్దుకు తల పెట్టాక చూడటానికి జనం రావడం మొదలైంది. తర్వాత ఫోటోలు ఆఫీసుదాకా పోయాయి. ఒక రోజు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, "డిసెంబర్ 2 నేషనల్ డేకి రిసెప్షన్‌లో పెడదాం, నీకు రోజూ రెండు గంటలు ఓటీ వేస్తాం, తొందరగా పూర్తి చెయ్" అన్నాడు. నాకు మొదట సంతోషమే వేసింది. రూములో చర్చ నడిచింది. టైల్స్ మేస్త్రే అన్నాడు, "ఓటీ తీసుకుంటే అది కంపెనీ పని అయిపోద్ది అన్నా. ఇన్నాళ్ళ ఆదివారాలు కూడా అందులో కలిసిపోతయ్." నిజమే. కంపెనీ టైములో, కంపెనీ జీతంతో చేసింది కంపెనీది అంటారు. నా టైములో, నాకు రాసిచ్చిన చెక్కతో చేసింది నాది. ఓటీ వద్దన్నాను. ఆయన మొహం మాడింది.

వారం తర్వాత వేరే మాట వచ్చింది. చెక్క కంపెనీది కాబట్టి ఎద్దు కూడా కంపెనీదే అని. అప్పుడు కాగితం తీశాను. చివరి వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. హెచ్ఆర్‌లో అమ్మాయి రెండుసార్లు చదివి, నవ్వి, "అయితే ఎంత కావాలి" అంది.

నా లెక్క ఇది. నా బేసిక్ 1,200 దిర్హాములు. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే గంటకు 5 దిర్హాములు. సెలవు రోజు పని చేయించుకుని బదులు సెలవు ఇవ్వకపోతే ఆ గంటకు 50 శాతం ఎక్కువ, ఏడున్నర. 200 గంటలకు 1,500. అదే అడిగాను, ఇచ్చారు. తర్వాత ఆలోచిస్తే తప్పు చేశాననిపించింది. అది షట్టరింగ్ కొట్టినందుకు రేటు, ఎద్దును చెక్కినందుకు కాదు. మీరు నాలాగా తొందరపడి మీ జీతం చీటీలోంచి మీ కళ వెల తీయకండి. ఇంకో మాట, ఇట్లాంటివి చేసి బయట అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం, లైసెన్సు లేకుండా చేయకూడదు. వేరేవాళ్ళ దగ్గర కూలికి చెక్కాలంటే మంత్రిత్వ శాఖ పర్మిట్ ఉండాలి, లేకపోతే మీకూ, పని ఇచ్చినవాళ్ళకూ ఇబ్బందే. అనుమానం ఉంటే లేబర్ ఫిర్యాదుల సలహా నంబరు 80084కు ఫోన్ చేయండి. మన కాన్సులేట్ తరఫున ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉంది, 80046342, ఫ్రీ నంబరు.

డబ్బుతో పాటు ఇంకో షరతు రాయించాను. ఎద్దు దగ్గర చెక్కినవాడి పేరు, ఊరు ఉండాలి. ఇది నా గొప్ప కోసం అనుకోకండి. 2021లోనే వచ్చిన 38వ నంబరు కాపీరైట్ చట్టం శిల్పాన్ని కూడా కాపాడుతుంది, అమ్మేసినా చేసినవాడి పేరు చేసినవాడిదే. మా నాయిన చేసిన దర్వాజలు మా మండలమంతా ఉన్నాయి, ఒక్కదాని మీద పేరు లేదు. మనం కట్టిన టవర్ల సంగతి చెప్పేదేముంది.

నవంబర్ చివర్లో ఆరుగురం పట్టుకుని లారీ ఎక్కించాం. నేషనల్ డే అయ్యాక వెళ్ళి చూస్తే కంపెనీ పేరున్న ఇత్తడి ప్లేటు మెరుస్తోంది. నా పేరు లేదు. రెండో కాగితం ఫోటో హెచ్ఆర్‌కు పంపాను. ప్లేటుకు ఆర్డర్ ఇచ్చాం, వస్తుంది అన్నారు. మూడు వారాలు వారానికోసారి అదే ఫోటో పంపాను, కోపంగా ఏమీ రాయలేదు, గుర్తు చేస్తున్నాను మేడం అని మాత్రమే. నాలుగో వారం ప్లేటు వచ్చింది. పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అట్లాగే, ముందు నా పేరు, వెనక మా నాయిన పేరు, ఇంటిపేరు ఎక్కడా లేదు. కింద షట్టరింగ్ కార్పెంటర్ అని. ఊరి పేరు మాత్రం వెయ్యలేదు. దాని కోసం ఇంకా ఫోటో పంపుతూనే ఉన్నాను.

మొన్న ఫిబ్రవరిలో హెచ్ఆర్ నుంచే ఫోన్. ఏసీ గాలికి ఎద్దు ఎడమ చెవి మొదట్లో నెర్రె వచ్చిందట, వచ్చే ఆదివారం వచ్చి సరిచేస్తావా అని అడిగింది. వస్తాను మేడం అన్నాను. సెలవు రోజు పని కాబట్టి బదులు సెలవు ఏ రోజు ఇస్తారో ముందు ఒక మెసేజ్ పెట్టండి అన్నాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వు వినపడింది. మెసేజ్ సాయంత్రానికి వచ్చింది, బుధవారం అని. చింతగింజలు ఇంకా డబ్బాలో ఉన్నాయి, నానబెట్టాను.